ముప్పై నాలుగు పిల్లుల ఐలవ్వ

పద్మనగర్‌లో ఐలవ్వ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించేవారు కాదు. ముక్కు మూసుకుని తల ఆ వైపు తిప్పేవారు. "పిల్లుల ముసల్దా? గా బంద్ పడ్డ కార్ఖానా ఎనుక ఉంటది, పిచ్చిది" అనేవారు. అలా అనేవాళ్ళలో సగంమంది రెండు పూటలా నా బిస్సీలో కూర్చుని తినేవాళ్ళే. మరమగ్గాల మీద కూలికి పనిచేసేవాళ్ళకు అన్నం పెట్టే చోటును మా భివండీలో బిస్సీ అంటారు. ఇప్పుడు నా ముందు ఐలవ్వను ఎవరైనా పిచ్చిదంటే వాడి కంచంలో రెండోసారి పప్పు పడదు. ఇప్పుడు అని ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే. అంతకంటే పాడుపని కూడా చేశాను. అదీ చెప్తాను.

ఐలవ్వది సిరిసిల్ల అవతల ఒక చిన్న పల్లె. గుంటెడు భూమి లేని ఇల్లు. పదహారేళ్ళప్పుడు మొగుడు సోమయ్య వెంట ఇక్కడికి వచ్చింది. సోమయ్య సిద్ధిరాములు సేట్ కార్ఖానాలో సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. ఆమె అదే కార్ఖానాలో ఒక మూల కూర్చుని కండెలు చుట్టింది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కట్టెకు నూలు చుడితే అది కండె. నలభై ఏళ్ళు అదే మూల, అదే పని. పిల్లలు కలగలేదు. సోమయ్య ఛాతీ నిండా దూది చేరి, దగ్గి దగ్గి పోయాడు. అప్పుడు సిద్ధిరాములు సేట్ నలుగురి ముందూ అన్నాడట: "ఏడికీ పోకు ఐలవ్వా. ఎనుక ఖోలీ నీదే అనుకో. నువ్వున్నన్ని దినాలు ఉండు." ఆమె ఆ గదిలోనే ఉండిపోయింది.

పిల్లుల సంగతి అర్థం కావాలంటే ముందు గంజి సంగతి తెలియాలి. పడుగు నూలు తెగకుండా ఉండాలని దానికి గంజి పట్టించి బీములనే లావుపాటి రోలర్లకు చుట్టి పంపుతారు. ఆ గంజి అంటే ఎలుకలకు ప్రాణం. ఒక్క ఎలుక ఒక్క పూట బీము మీద పడితే వందల పోగులు తెగుతాయి. వాటిని ఒక్కొక్కటే అతికేసరికి రోజు గడిచిపోతుంది, అంతసేపూ సాంచ నిలబడి ఉంటుంది. అందుకే ప్రతి కార్ఖానాలో ఒకటో రెండో పిల్లులుండేవి. వాటి పాలు సేట్ ఇంటి నుంచే వచ్చేవి. దసరానాడు సాంచాలన్నిటికీ బొట్లు పెట్టాక సిద్ధిరాములు సేట్ చారల పిల్లికి కూడా బొట్టు పెట్టబోయేవాడు, అది గీరేది, అందరం నవ్వేవాళ్ళం.

తర్వాత రోజులు మారాయి. ఒక్కొక్క కార్ఖానా మూతపడింది. సాంచాలను సుత్తెలతో పగలగొట్టి పాత ఇనుము కొనే భంగార్‌వాళ్ళు లారీల్లోకి ఎత్తారు. కూలీల్లో కొందరు సూరత్ పోయారు, కొందరు ఊరు పోయారు. పిల్లి ఎక్కడికి పోతుంది? అది చోటును నమ్ముకున్న జీవం. మూసిన షట్టర్ ముందు కూర్చుని అరుస్తుంది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో నేను ఆ షట్టర్ల ముందే చూశాను.

మొదట సిద్ధిరాములు కార్ఖానా చారల పిల్లిని ఐలవ్వ ఖోలీలోకి తీసుకుంది. అది ఎలాగూ ఆమె ఒడిలో పెరిగిందే. ఆ తర్వాత దత్తాత్రి కార్ఖానా మనుషులు నూలు సంచిలో మూడింటిని తెచ్చి గుమ్మంలో వదిలి, "అవ్వా, నీకు పుణ్యముంటది" అని చెప్పి వెళ్ళారు. విఠల్ కార్ఖానా నుంచి ఇంకో నాలుగు. గల్లీలో ఎవరి పీడ వాళ్ళు ఆమె గుమ్మంలో వదిలి పుణ్యం పేరు చెప్పి చేతులు దులుపుకున్నారు. నా వంటింటి వెనక ఒక పిల్లి ఈనితే రెండు కూనల్ని నేనూ పట్టుకెళ్ళి ఇచ్చాను. తిలా పాపం తలా పిడికెడు.

వచ్చిన ప్రతిదాని మెడకూ ఆమె వదులుగా ఒక దారం కట్టేది. కండెలు చుట్టేవాళ్ళకు అదొక అలవాటు. సన్న నూలు, దొడ్డు నూలు కలిసిపోతే బట్ట పాడవుతుంది కనుక ఏ గంపకు ఏ నూలో తెలిసేలా రంగు దారం కట్టుకుంటారు. సిద్ధిరాములు కార్ఖానాది నీలం, దత్తాత్రిది ఆకుపచ్చ, విఠల్‌ది పసుపు, నావి ఎరుపు. వాటి పిల్లలకూ తల్లి రంగే. ముసల్ది ముచ్చటకు కట్టుకుంటోంది అనుకున్నాం.

రెండేళ్ళు గడిచేసరికి ఆ ఖోలీ చూడలేని చోటయింది. ఎవరో ఒక పిల్లికి విషం పెట్టారని ఆమె కిటికీలకు గోనె పట్టాలు కొట్టేసింది. లోపలికి తొంగిచూస్తే ఉచ్చ కంపుకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మంచం మీద పిల్లులు, పొయ్యి మీద పిల్లులు, కండెల మిషన్ మీద పిల్లులు. ఆమె గోడకు వీపు ఆనించి కూర్చునే నిద్రపోయేది. నేనిచ్చే అన్నమూ చేప తలకాయలూ వాటికి పెట్టి, తాను చాయ్ తాగి ఊరుకునేది. సోమయ్యలాగే దగ్గడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఇన్నెందుకే నీకు?" అని అడిగితే, "ఇన్నా? ఏవున్నయి బిడ్డా ఇన్ని?" అనేది. కళ్ళు అతుక్కుపోయిన పిల్లిని చూపిస్తే, "మంచిగనే ఉంది, పొద్దుగాల పాలు తాగింది" అనేది.

ఒకరోజు గూట్లో చిందీ గుడ్డ పేలికలో చుట్టి ఉన్న కూనను చూశాను. చచ్చి మూడు రోజులైనా అయి ఉంటుంది. ఇవ్వమని చెయ్యి చాపితే గుడ్డ ఇంకాస్త కప్పి, "పండుకుంది, లేపకు" అంది. ఆ రోజే మొదటిసారి ఆమెను పిచ్చిదన్నాను, అదీ బిస్సీలో పదిమంది తింటుండగా.

ఆ పదిమందిలో నలుగురు, అన్నంలో కూడా పిల్లి కంపు వస్తోందని వేరే బిస్సీకి మారిపోయారు. నాకు కోపం నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే సిద్ధిరాములు సేట్ కొడుకు భూషణ్ వచ్చాడు. తండ్రి మంచాన పడ్డాక పెత్తనమంతా అతనిదే. ఖాళీ కార్ఖానాను గోదాముకు కిరాయికిస్తాడట, వచ్చినవాళ్ళు కంపుకు వెనక్కి పోతున్నారట.

"తాను దూర కంత లేదు, మెడకో డోలు" అన్నాడు. "మొదలు పిల్లుల తీసేద్దాం, ముసల్దాని సంగతి తర్వాత చూద్దాం. నీ దగ్గర దాని చాబీ ఉన్నదట గద అనితా?"

ఉంది. ఒంట్లో బాగులేనప్పుడు తలుపు తీయడానికి ఉంటుందని ఐలవ్వే ఒక చాబీ నాకిచ్చింది. అది తీసి భూషణ్ చేతిలో పెట్టాను. నా చేత్తోనే.

శ్రావణ పున్నమి నాడు మార్కండేయుడి ఊరేగింపుకు ఐలవ్వ తప్పక పోతుంది. ఆమె అటు వెళ్ళగానే భూషణ్ మనుషులు నలుగురు వచ్చి నూలు సంచుల్లో పిల్లుల్ని కుక్కి టెంపో ఎక్కించారు. నలభై ఒకటి. అంజూర్ ఫాటా దగ్గర గోదాములున్నాయి, గోదాముల్లో ఎలుకలున్నాయి, పిల్లులు హాయిగా బతుకుతాయి అనుకున్నాం. ఎలుకలున్న చోటల్లా పిల్లికి పని దొరుకుతుంది, పని దొరికినచోట అది బతుకుతుంది అని మా లెక్క. పుట్టినప్పటి నుంచి పని వెతుక్కుంటూ ఊళ్ళు మారిన కూలోళ్ళం, ప్రతి జీవినీ మాలాంటిదే అనుకున్నాం. ఖోలీని ఫినాయిల్‌తో కడిగి సున్నం వేశారు. ఆ రోజు నేను సేమ్యా పాయసం కూడా వండాను.

ఊరేగింపు చూసి వచ్చి ఆమె తలుపు తీసింది. లోపలికి పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"చాబీ ఎవలిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన అవ్వా. నీ మంచికే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చెయ్యి చాపింది, భూషణ్ మనుషులు నాకు తిరిగిచ్చిపోయిన చాబీ తీసుకుంది, అంజూర్ ఫాటా వైపు నడక మొదలుపెట్టింది. మూడు రోజులు పొద్దున పోయి సాయంత్రం వచ్చింది. లారీల కింద నలిగినవి నలగ్గా, కుక్కలు తిన్నవి తినగా, ఆరు దొరికాయి. వాటిని చీరకొంగులో వేసుకుని నా బిస్సీ ముందు నుంచే తీసుకెళ్ళింది. నా వైపు చూడలేదు. తర్వాత తాళం మార్చేసింది.

మేం సాధించిందేమిటంటే, ఇదివరకు పిల్లులు ఆమె దగ్గరికి వచ్చేవి, ఇప్పుడు ఆమె పిల్లుల కోసం తిరగడం మొదలుపెట్టింది. ఏ షట్టర్ పడినా, ఏ చెత్తకుండీ దగ్గర కూన అరిచినా సంచి పట్టుకుని బయలుదేరేది. ఎవరి షట్టర్ ముందు, ఎవరి వాకిట్లో దొరికితే వాళ్ళ రంగు దారమే కట్టేది. రెండు నెలల్లో ఖోలీ మళ్ళీ నిండింది. లోపలి నుంచి గడియ. నేను అన్నం పెట్టిన గిన్నె గుమ్మంలోనే ఉండిపోయేది.

నాకు నిద్ర పట్టడం మానేసింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, వరాలా తలావ్ దగ్గర జంతువుల దవాఖానాలో పనిచేసే మా గల్లీ పిల్ల సోనాలికి చెప్పాను. పశువుల డాక్టర్ చదివింది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, నోరు తెరిస్తే మూడు భాషలు కలిసి వస్తాయి.

"అత్తా, తుమ్ లోగ్ నే చాలా గలత్ చేసిండ్రు" అంది మొహం మీదే. "ఇది జిద్ద్ కాదు, మొండితనం కాదు, బీమారీ. ఆమెకు కనిపిస్తలేదనుకుంటున్నరా? చూస్తే తట్టుకోలేదు, అందుకే చూడదు. అన్నీ ఒకేసారి గుంజుకుంటే డబల్ తెచ్చుకుంటది. ఆమె ఇస్తేనే తీస్కోవాలె. ఒక్కటొక్కటి."

"ఇస్తదా? తలుపే తీయది."

"మగ బాహేర్ బసూ. బయటనే కూర్చుంట."

కూర్చుంది. దవాఖానా నుంచి వస్తూ రోజూ సాయంత్రం ఐలవ్వ గుమ్మంలో అరగంట కూర్చునేది. పిల్లుల మాట ఎత్తేది కాదు. కండెలు ఎలా చుడతారు, సోమయ్య తాతది ఏ ఊరు, ఇవీ ఆమె ప్రశ్నలు. గల్లీ అంతా నవ్వింది. పిల్లి మెడలో గంట కట్టడానికి వచ్చిన ఎలుక అని నేనే ఎగతాళి చేశాను. తొమ్మిదో రోజున తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"కండ్లు మూసుకుపోయిన తెల్లది ఒకటుంది" అంది లోపలి నుంచి ఐలవ్వ. "తీస్కపోతే మళ్ళ తెస్తవా?"

"రేపు ఆరింటికి తెస్త అవ్వా."

మరునాడు ఆరింటికి తెచ్చింది. ఐలవ్వ దాని మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, దారం చూసి, తన పిల్లేనని నమ్మి లోపలికి తీసుకుంది. ఆ తర్వాత ఒకటి రెండుగా పోవడం, చెప్పిన గంటకు రావడం జరిగాయి. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు. పోయి వచ్చినదాని దారానికి ఐలవ్వే ఒక తెల్ల ముడి వేసింది, డాక్టరమ్మకు గుర్తు ఉండాలని. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకరోజు కిటికీ గోనె పట్టా తనే తీసింది. ఇంకోరోజు చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, రా అనలేదు, పో అనలేదు. నేను లోపలికి పోయి ఊడ్చాను.

ఊడుస్తుంటే గూట్లో ఒక కండె దొరికింది. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు, రంగు రంగుల దారం ముక్కలు కొసకు కొస అతికి చుట్టి ఉన్నాయి. అందులో చాలా ముక్కలు లారీల టైర్ల నల్ల మరకలతో ఉన్నాయి.

"ఏందవ్వా ఇది?"

"పోయినయి" అంది ఐలవ్వ. "పోయినవాటివి పోయినట్టే చుట్టిపెట్టిన."

చచ్చిన కూనను పండుకుంది అన్న మనిషి ఇది. అన్నీ తెలుసు ఆమెకు. ఒక్కొక్క చావూ తెలుసు. నేను ఆ కండెను చేతిలో పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. నా ఎరుపు దారం కూడా అందులో ఉంది, రెండింటిలో ఒకటి.

"ఎన్నున్నయి ఇప్పుడు?" అని అడిగాను చివరికి.

ఆమె ఖోలీ అంతా కలియచూసింది. "ముప్పై నాలుగు" అంది. ఆమె నోటి నుంచి లెక్క రావడం అదే మొదలు. "మస్తయినయి గద బిడ్డా. నాతోని అయితలేదు."

ఆ మాట అన్న వారానికే భూషణ్ మళ్ళీ ఇద్దరు మనుషులతో, టెంపోతో దిగాడు. ఆదివారం పొద్దున, గల్లీ అంతా ఇళ్ళలో ఉన్న వేళ. ఈసారి పిల్లులతో పాటు మనిషీ ఖాళీ చేయాలట, గోదాము పార్టీ కుదిరిందట. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నన్ను దాటిపోతే అతని మనుషులకు ఆ పూట నుంచి బిస్సీ బంద్ అని చెప్పాను. వాళ్ళు అక్కడే ఆగిపోయారు. ఇంతలో తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఐలవ్వ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. ఆమె వెనక కండెల గంపలు వరసగా, వాటిలో పిల్లులు.

"టెంపో ఎందుకు భూషణ్? ఇవి పోయేది నడిచిపోయేటంత దూరమే" అంది. "మీ కార్ఖానల్ల ఎలుకలు పట్టినన్ని దినాలు మీ పిల్లులు. సాంచాలు అమ్ముకున్నంక నా పిల్లులా? నేను ఏ ఒక్కదాన్నీ కొని తేలే. సంచుల్ల మూటగట్టి తెచ్చింది మీరు, షట్టర్ల ముంగట ఇడిసిపెట్టింది మీరు. దారం చూస్కోరి. నీలం మీది. పచ్చది దత్తాత్రోళ్ళది. పసుపు విఠలోళ్ళది. ఎవల పిల్లి వాళ్ళు ఎత్తుకపోరి."

భూషణ్ నవ్వబోయాడు. "ఎవరో దారం కడితే మాదెట్లయితది అవ్వా?"

"మీ బాపును అడుగు."

ఆమె నీలం దారం చారల పిల్లిని చంకన వేసుకుని గల్లీలోకి దిగింది. పున్నమి నాడు పోయి, అంజూర్ ఫాటా నుంచి తిరిగొచ్చిన ఆరింటిలో అది ఒకటి. ఒక కాలు కుంటుతుంది. సిద్ధిరాములు సేట్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. దాన్ని ఆయన కడుపు మీద పెట్టింది. ముసలాయన చాలాసేపు దాని చెవుల మధ్య గోకాడు.

"దీనికి బొట్టు పెడితే గీరేది" అన్నాడు. తర్వాత కొడుకును పిలిచాడు. "ముంగట కార్ఖానా కిరాయికి ఇచ్చుకో. ఎనుక ఖోలీ ఇస్తనని నేను నలుగుర్ల మాటిచ్చిన. నేను సచ్చినంక గూడ ఆ మాట ఉండాలె."

భూషణ్ టెంపో వెనక్కి పంపేశాడు. గల్లీలో పెద్ద రచ్చే జరిగింది. దత్తాత్రి భార్య తలుపు వేసుకుంటే ఐలవ్వ ఆమె గడపలో కూర్చుంది, లేవనే లేదు. సోనాలి ఇంటింటికీ తిరిగి, ఆపరేషన్లు అయినయి, ఇంక పిల్లలు పెట్టవు, ఒక్క ఇంటికి ఒక్కటే అని చెప్పింది. గోదాము పార్టీయే ఎలుకల కోసం రెండింటిని అడిగి తీసుకుంది. పొద్దు గూకేసరికి ఇరవై ఏడు పోయాయి. ఒక్కొక్కటీ చేతులు మారినప్పుడల్లా ఐలవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, అంతలోనే గట్టిగా, "పాలు పొయ్యకుంటే మళ్ళ వస్త చూడు" అని బెదిరించేది. చివరన ఎరుపు దారం పిల్లిని నా చేతిలో పెట్టింది. దానికి చింతపండు పులుసు పడదని మాత్రం చెప్పింది.

ఏడు ఆమె దగ్గర ఉన్నాయి, ముసలివీ జబ్బువీ. ఇప్పుడు మంచం మీద పడుకుంటోంది. దగ్గు ఇంకా ఉంది.

మొన్న మధ్యాహ్నం ఇద్దరం నా బిస్సీ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాం. కొత్తగా మూతపడుతున్న ఒక కార్ఖానా నుంచి ముఖేష్ అనే మనిషి నూలు సంచి మోసుకుంటూ వచ్చాడు. సంచి కదులుతోంది, లోపల సన్నగా అరుపులు. "అవ్వా, నాలుగు పిల్లలు. నీకు పుణ్యముంటది" అన్నాడు.

ఐలవ్వ చేతిలో కాయలు జారిపడ్డాయి. ఆ అరుపు విన్న మనిషి మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను. లేచి నిలబడింది. రెండు చేతులూ సంచి వైపు చాచింది కూడా. నేను చిక్కుడుకాయలు తుంచుతూనే ఉన్నాను.

ఆమె గిర్రున తిరిగి ఖోలీకి పోయింది. తలుపు బయటి నుంచి తాళం వేసింది. వచ్చి ఆ చాబీని నా అరచేతిలో పెట్టి నా వేళ్ళు గట్టిగా మూసింది.

"గీడు పోయేదాక నువ్వే పెట్టుకో. నేనడిగినా ఇయ్యకు" అంది.

అప్పుడు ముఖేష్ వైపు తిరిగి నడుము మీద చేతులు పెట్టుకుంది. "నడువు. మీ సేట్ ఇల్లెక్కడో నాకు ఎరుకే. ఏ రంగు దారం కావాల్నో అడుగుదాం."